రెస్టిక్‌తో ఏడాదిన్నర: డాబాగార్డెన్స్ మందుల కొట్టు నుంచి

మా బాబాయిది విశాఖ డాబాగార్డెన్స్‌లో మందుల హోల్‌సేల్. రోజూ రాత్రి బిల్లింగ్ డేటాని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాడు. ఓసారి దానికి సాంబారు అంటింది. "ఏట్రా, తుడిస్తే పన్జేస్తదా?" అని నా చేతికిచ్చాడు. పనిచేసింది, అది వేరే సంగతి. ఏడాదిన్నరగా ఆ పెన్‌డ్రైవ్ పనిని రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చేస్తోంది.

డేటా పోతుందన్న ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కంప్యూటరూ, దాని బ్యాకప్ హార్డ్ డిస్కూ ఒకే అరలో ఉన్నాయి. పైన రేకు లేచిపోయి రెండూ కలిసే తడిశాయి. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీలు, ఏ షాపు ఎంత బాకీ, అన్నీ కార్బన్ కాపీలు చూసుకుని మళ్ళీ కొట్టుకున్నాం. కొన్ని బాకీలు ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు బిల్లింగంతా లైనక్స్ పెట్టెలో, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద నడుస్తోంది. రోజూ తీసే డంపుని, అంటే డేటాబేస్ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసిన కాపీని, రెస్టిక్ ముక్కలు చేసి, పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక కాపీ కొట్లోని డిస్కులోనూ ఇంకోటి అమెజాన్ క్లౌడ్‌లోని హైదరాబాద్ రీజియన్‌లోనూ పెడుతుంది. ముంబయి రీజియన్ కూడా ఉందన్నాను. "అదీ సముద్రం ఒడ్డే కదరా" అన్నాడు బాబాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం, అద్దె కట్టేది స్టోరేజీకే.

నిన్న పంపిన ముక్కని ఈరోజు మళ్ళీ పంపదు, దీని గొప్పంతా అక్కడే. ఆ గొప్పని మొదటి రెండు నెలలు నేనే పాడుచేశాను. అలవాటుకొద్దీ డంపుని జిజిప్‌తో కుదించి ఇచ్చేవాణ్ణి. జిజిప్ చేశాక లోపల ఒక్క వరస మారినా, అక్కడి నుంచి ఫైలంతా మారిపోతుంది. రెస్టిక్‌కి రోజూ కొత్త ఫైలే కనపడేది, రోజూ పూర్తి సైజు ఎక్కేది. ఇప్పుడు డంపుని అలాగే ఇస్తున్నాను. 0.14 వెర్షన్ నుంచి కుదించడం అదే చేసుకుంటుంది.

ఇంకో తలనొప్పి బాబాయే. రాత్రి 11కి బ్యాకప్ దానంతటదే నడిచేలా క్రాన్ పెడితే, ఆయన పదింటికే మెయిన్ ఆపేసి షట్టర్ దించేవాడు. వారంలో నాలుగు రోజులు బ్యాకప్ లేదు, ఎర్రర్ కూడా లేదు. అసలు పెట్టె ఆన్‌లో ఉంటేగా! క్రాన్ తీసేసి లైనక్స్‌లోనే ఉండే సిస్టమ్‌డీ టైమర్‌కి మార్చి, అందులో 'పెర్సిస్టెంట్' సెట్టింగ్ పెట్టాక, తప్పిపోయింది పొద్దున్న పెట్టె లేవగానే నడుస్తోంది.

అసలు భయపెట్టింది మాత్రం వేరే. డంపుని ఫైలుగా రాయకుండా పైపులో నేరుగా రెస్టిక్‌కి ఇస్తే, డంప్ మధ్యలో చచ్చినా రెస్టిక్ వచ్చినంతవరకే దాచుకుని 'అయింది' అంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చిన వారం నాకు ఆరు ఖాళీ స్నాప్‌షాట్లు (ఒక్కోసారి తీసిన బ్యాకప్‌లు) దొరికాయి. 2017లో ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ వాళ్ళకీ, పోస్ట్‌గ్రెస్ డంపు తీసే పీజీ డంప్ ఇలాగే చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతూ వచ్చింది, అవసరం పడిన రోజుగానీ తెలియలేదు. అంతటివాళ్ళకే తప్పలేదని కాస్త ఊరట. రెస్టిక్ 0.17లో వచ్చిన '--stdin-from-command' ఆప్షన్ (డంప్ కమాండుని రెస్టిక్కే నడిపిస్తుంది) వాడితే, డంప్ ఫెయిలైనప్పుడు స్నాప్‌షాటే పుట్టదు. అయినా నెలకో ఆదివారం పాత ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి, ఆఖరి బిల్లు నంబరు కొట్లోని బిల్లు బుక్కుతో కలుపుకుంటాను. అరగంట పని.

బొమ్మల స్క్రీను లేదు, అన్నీ కమాండ్లే. మా కొట్లో కుర్రాడికి అప్పగించలేకపోయాను, ఈ ఒక్కదానికే ఒక స్టార్ తగ్గించాను.

పాస్‌వర్డ్ పోతే మాత్రం బ్యాకప్ మొత్తం పోయినట్టే, రెస్టిక్ రాసినవాళ్ళు కూడా తెరవలేరు. అందుకే కాగితం మీద రాసి ఒకటి మధురవాడలో అక్క ఇంట్లో ఇచ్చాను. రెండోది బాబాయి లామినేషన్ చేయించి, క్యాష్ కౌంటరు పైన సింహాద్రి అప్పన్న పటం వెనక అంటించాడు.