సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? వేడి ఇంజిన్ చూసి టోకెన్ ఇవ్వకండి

గత నవంబర్‌లో 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి 3 లక్షల 40 వేలకు కొన్నాను. అమ్మించిన బ్రోకర్ పేరు గానీ, తర్వాత నన్ను తిప్పిన గ్యారేజీ పేరు గానీ ఇక్కడ రాయను. జరిగింది మాత్రం దాచకుండా చెప్తా.

ఆదివారం పొద్దున 8 గంటలకు బండి చూడ్డానికి వెళ్లేసరికి కడిగి, తుడిచి గేటు బయట పెట్టి ఉంది. "మీరొస్తున్నారని ఇప్పుడే వాటర్ సర్వీసింగ్ చేయించుకొచ్చిన అన్నా" అన్నాడు బ్రోకర్. మర్యాద తెలిసినవాడే అనుకున్నా. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే ఆర్‌పీఎం సూది 750 దగ్గర కదలకుండా నిలబడింది. నాగోల్ దాకా నడిపి చూసినా ఒక్క వంక దొరకలేదు. 10 వేలు టోకెన్ అక్కడికక్కడే ఇచ్చేశా. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు.

బండి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే సీటుతో సహా వణికింది. సూది 500కి పడుతుంది, 900కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది. ఐదారు నిమిషాలు ఓపిక పడితే మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా నడుస్తుంది. చెక్ ఇంజిన్ లైటు ఒక్కసారీ వెలగలేదు. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషం 1200, 1500 దాకా తిరగడం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. నాది ఆ దరిదాపులకే పోలేదు. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "చలికాలం కదన్నా, పాత బండ్లు గట్లనే ఉంటయ్" అన్నాడు. రెండోసారి ఎత్తలేదు.

ఇక గ్యారేజీ. మొదట నాలుగు ప్లగ్గులు మార్చి 1,400 తీసుకున్నారు. వారం తర్వాత త్రాటిల్ బాడీ, ఇంజెక్టర్ల క్లీనింగ్ అని 3,200. ఆ తర్వాత రెండు ఇగ్నిషన్ కాయిల్స్, 4,600. మొత్తం 9,200. బిల్లు అడిగితే చిట్టీ మీద రాసిచ్చారు, తీసేసిన పాత పార్టులు ఒక్కటీ చూపించలేదు. ప్రతిసారీ సాయంత్రం బండి చేతికిచ్చేవారు, అప్పటికే రోడ్డు మీద తిప్పి తెచ్చి ఉంటారు కాబట్టి చక్కగా నడిచేది. నేను డబ్బులు కట్టేవాణ్ణి. మర్నాడు పొద్దున మళ్లీ అదే వణుకు. అంటే బ్రోకరూ గ్యారేజీవాళ్లూ నాకు చూపించింది వేడి ఇంజినే. నాలుగోసారి వెళ్తే "ఈసీఎం పోయింది సార్, 28 వేలవుతుంది" అన్నారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. అక్కడ ఆగాను.

ఆ వారంలోనే ఒక చిన్న సంగతి కంట్లో పడింది. పక్కింటాయనదీ అదే మోడల్. పొద్దున ఆయన స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద నీలం రంగు థర్మామీటర్ గుర్తు కాసేపు వెలిగి ఆరిపోతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెప్పే లైటు అది. నా బండిలో అది వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ మాట రామంతాపూర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కి చెప్తే నవ్వి, "రాత్రికి బండి ఇక్కడే వదిలేసి పోండి సార్, పొద్దున నేనే స్టార్ట్ చేస్తా" అన్నాడు. అప్పటిదాకా ఆ మాట అన్నవాళ్లే లేరు. పొద్దున నేను వెళ్లాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ పెట్టాడు. ఇంజిన్ లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత 16 డిగ్రీలు, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 68 డిగ్రీలు అని చూపించింది. రాత్రంతా ఆరుబయట నిలబడ్డ బండిలో ఆ రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఇంజిన్ వేడిగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు తక్కువ పంపుతోంది. చల్లటి ఇంజిన్‌కేమో ఎక్కువ కావాలి. అందుకే వణుకు. నిజంగా వేడెక్కాక లెక్క సరిపోతుంది, ఆక్సిజన్ సెన్సర్ కూడా పనిలోకి దిగి మిగతాది సర్దుతుంది. 68 అనేది ఇంజిన్‌కి ఉండగలిగే వేడే కాబట్టి కంప్యూటర్‌కి అనుమానం రాలేదు, లైటు వెలగలేదు.

వెంటనే సెన్సర్ మార్చేయలేదతను. ముందు సెన్సర్ కనెక్టర్ పీకాడు, స్కానర్‌లో మైనస్ 40 వచ్చింది. సెన్సర్ తగిలించి లేనప్పుడు చూపాల్సిన అంకె అదే. అంటే వైరింగ్ బాగానే ఉంది, సెన్సరే పోయింది. సెన్సర్ 650, కూలీ 300.

పొద్దున వణికే ప్రతి బండికీ సెన్సరే కారణం అనుకోకండి. పగిలిన వాక్యూమ్ పైపు, గట్టిపడిన మానిఫోల్డ్ గ్యాస్కెట్, మసిపట్టిన త్రాటిల్ కూడా ఇలాగే ఏడిపిస్తాయి. ఏదైనా సరే, చల్లగా ఉన్నప్పుడు చూడకుండా పార్టు మార్చనివ్వకండి. మార్చిన పాత పార్టు, జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకోండి. గ్యారేజీ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకుని, చేతిలో ఉన్న చిట్టీ చూసుకుని ఊరుకున్నా.

కొనేవాళ్లు "నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు" అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్, సైలెన్సర్ చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉన్నా ఇంకో రోజు వస్తానని లేచి వచ్చేయండి. స్కానర్ దొరికితే, కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. చాలా బండ్లలో ఆ అంకె కనిపిస్తుంది. అది పదో ఇరవయ్యో ఉంటే మీరొచ్చే ముందే ఎవరో చెరిపారన్నమాట.

నిన్న పొద్దున 6 గంటలకు స్టార్ట్ చేశా. సూది 1300కి ఎక్కి మెల్లగా దిగింది. నీలం లైటు వెలిగింది, వీధి చివరి టీకొట్టు దాటేసరికి ఆరిపోయింది.