ఎనిమిదేళ్లలో కొన్న బొమ్మలు, నిలిచిన ఆటలు

మా ఇంట్లో సరుకుల ఖర్చు రాసే పుస్తకంలో చివరి పేజీలు పిల్లల బొమ్మలవి. కొన్న తేదీ, ధర, ఎవరి కోసం కొన్నాం, చివరిసారి ఎప్పుడు బయటికి తీశారు, ఇంతే రాస్తాను. పెద్దమ్మాయికి రెండేళ్లప్పుడు మొదలుపెట్టిన అలవాటు ఇది. ఇప్పుడు తనకు పదేళ్లు, తమ్ముడికి ఆరు. ఏ బొమ్మ కొనాలి, ఎండలో పిల్లల్ని ఏం ఆడించాలి అని చుట్టాలు, స్నేహితులు అడిగినప్పుడల్లా ఆ పేజీలే తిరగేసి చెబుతుంటాను. ఈసారి కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

మేము ఉండేది విజయనగరం కంటోన్మెంటు వైపు, చిన్న అపార్టుమెంటులో రెండో అంతస్తు. కింద వాహనాలు నిలిపే చోటు తప్ప వేరే ఖాళీ లేదు. మా అత్తగారి ఊరు నెల్లిమర్ల అవతల, చంపావతికి దగ్గర. సెలవులన్నీ అక్కడే. కాబట్టి మా పిల్లలు సిమెంటు నేల మీదా ఆడారు, మట్టిలోనూ ఆడారు.

పుస్తకం చూస్తే మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే. పెట్టిన డబ్బుకీ ఆడిన రోజులకీ పొంతన లేదు. ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే మరో సంగతి తెలిసింది. పక్కింటి పిల్లలు వచ్చి తామూ చేయి వేయగలిగిన బొమ్మలు ఏళ్ల తరబడి నిలిచాయి. ఒక్కరే పట్టుకుని ఆడవలసినవి నెల తిరగకుండా అటకెక్కాయి.

బ్యాటరీ కారు సంగతి ముందు చెబుతాను. బాబు మూడో పుట్టినరోజుకి 7,800 రూపాయలు పెట్టి కొన్నాం. పిల్లవాడు కూర్చుని మీట నొక్కితే పాట పాడుతూ తిరిగే ఎర్ర కారు. రాత్రంతా ఛార్జింగు పెడితే ముప్పావు గంట నడిచేది. వాడు ఎక్కితే తక్కిన నలుగురూ గోడకు ఆనుకుని వంతు కోసం ఎదురుచూసేవారు. వంతు దగ్గర గొడవ, గొడవ తర్వాత ఏడుపు. అన్నిటికంటే నాకు నచ్చనిది, ఎక్కినంతసేపూ వాడి కాళ్లు కదలకపోవడం. పరుగెత్తవలసిన వయసులో కూర్చోబెట్టడానికి మేమే డబ్బు పోశాం. 41 రోజులు ఆడాడని పుస్తకంలో ఉంది. పద్నాలుగో నెలలో బ్యాటరీ పోయింది. కొత్తది వేయించలేదు.

పసివాళ్లను లోపల కూర్చోబెట్టి నడక నేర్పే చక్రాల బండి (బేబీ వాకర్) గురించి ఒక్క మాట. పాపకు తొమ్మిదో నెలలో ఎవరో ప్రేమతో ఇచ్చారు. రెండో వారంలో అది గుమ్మం దాటి మెట్ల అంచు దాకా దొర్లుకుంటూ వెళ్లింది. అందుకుని పట్టుకోగలిగాం, అంతే. పిల్లల డాక్టరుకి చెబితే ఆ రోజే తీసి పక్కన పెట్టమన్నారు. దానితో నడక త్వరగా రాదని, పడే ప్రమాదం మాత్రం ఎక్కువని వివరించారు. కెనడాలో 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించారు. మన దగ్గర ఇంకా బహుమతిగా ఇస్తూనే ఉన్నారు. దయచేసి ఇవ్వకండి.

కొనేముందు నేను చూసేవి కొన్ని ఉన్నాయి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. పెట్టె మీద ఆ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూస్తాను. బ్యాటరీ గది మూతకు మర ఉండాలి, గోటితో ఊడివచ్చేది కొనను. బొత్తాం బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఇందులో పొరపాటుకు చోటు లేదు. మూడేళ్ల లోపు పిల్లలకైతే నాకొక కొలత ఉంది. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు. పసివాళ్ల గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్కలను గుర్తించడానికి బొమ్మల పరీక్షలో వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టే ముక్క ప్రమాదమే. అందుకని పది రూపాయల బిళ్ల కంటే స్పష్టంగా పెద్దదిగా కనిపించని ఏ ముక్కా వాళ్ల చేతికి ఇవ్వలేదు. జాతరలో కొన్న బొమ్మలకూ ఇదే నియమం. పైడితల్లమ్మ సిరిమాను నాడు బూర, గాలిపంక కొనిపెట్టకుండా పిల్లల్ని ఇంటికి తీసుకురావడం నాకు చేతకాదు. అవి మూడు రోజుల బొమ్మలని తెలిసే కొంటాను, చిన్నవాడికి ఊడే ముక్కలున్నవి మాత్రం కొనను.

ఐఎస్‌ఐ గుర్తు లేకపోయినా నిశ్చింతగా కొన్నవి ఏటికొప్పాక బొమ్మలు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న చేతివృత్తి బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఏటికొప్పాకకు ఆ గుర్తింపు 2017లో వచ్చింది. 2019లో ఎలమంచిలి దాకా వెళ్లే పని పడితే వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికీ వెళ్లాం. అంకుడు కర్రను యంత్రం మీద గిర్రున తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తున్నారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటోంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిసింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసే రంగులు కాబట్టి పసివాళ్లు నోట్లో పెట్టుకున్నా భయపడనక్కరలేదు. ఈ మొక్కల రంగులను మళ్లీ వాడకంలోకి తేవడానికి పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో సొంత మనిషికి వచ్చినంత సంతోషించాం.

అక్కడ కొన్న గిలక్కాయ పాప చేతిలో మొదలై తమ్ముడి చేతికి వచ్చి, ఇప్పుడు మా ఆడపడుచు కూతురి దగ్గర ఉంది. ఆరు చేతి బొంగరాల్లో నాలుగు మిగిలాయి. ఆరేళ్లు దాటినా వాటి ఆట ఆగలేదు. ఎవరిది ఎక్కువసేపు తిరుగుతుందో చూడడానికి నలుగురు పిల్లలు నేల మీద బోర్లా పడుకుంటారు. లోపాలూ చెప్పాలి. సిమెంటు నేల మీద పదే పదే పడితే అంచుల్లో లక్క పెచ్చులూడుతుంది. నీళ్లలో నానితే మెరుపు పోతుంది. ఎండలో వదిలేస్తే రంగు అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెడితే చాలు. వంటింటి సామానుల సెట్టు మాత్రం చాలా చిన్నవిగా వచ్చాయి, మూడేళ్లు నిండేదాకా బీరువాలో దాచాను. సాదా రసాయన రంగులు వేసిన కొయ్యబొమ్మలనూ ఇదే పేరుతో అమ్మేవాళ్లున్నారు. గోటితో గీకితే పొడిలా రాలేది వద్దు.

ఇక డబ్బు పెట్టనివి. వేసవిలో నెల్లిమర్ల వెళితే మా మామగారు మొదటి రోజే ముంజెలు కొట్టిస్తారు. మూడు కళ్లలోని ముంజెలూ పిల్లలు వేలితో తోడుకుని తిన్నాక ఖాళీ బుర్రలు రెండు ఏరుతారు. రెండూ ఒకే పరిమాణంలో ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకే పోతుంది. బుర్ర పచ్చిగా, మెత్తగా ఉన్నప్పుడే మూరెడు పుల్ల చివరలు రెండు వైపులా గుచ్చాలి. తర్వాత చివర పంగ ఉన్న పొడుగాటి కర్ర తెచ్చి ఇరుసు మీద ఆనించి వెనకనుంచి తోస్తారు. మా బాబుకి నాలుగేళ్లప్పుడు మొదటిసారి చేసిచ్చారు. వాడు వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్లి, తిరిగి వచ్చేసరికి వెనక మరో ముగ్గురు పిల్లలు బళ్లతో ఉన్నారు. గతుకు వస్తే కర్ర ఎత్తాలి, మలుపులో పంగను ఒక వైపు నొక్కాలి. ఇవేవీ ఎవరూ చెప్పలేదు. పదో రోజుకి బుర్రలు ఎండి ముడుచుకుపోయి ఇరుసు వదులవుతుంది, మరో రెండు బుర్రలు వస్తాయి. బ్యాటరీ కారు ఏడాది పాటు చేయలేని పనిని ఈ బండి పది రోజుల్లో చేసింది, రాత్రి ఎనిమిదింటికల్లా పిల్లలు తమంతట తామే నిద్రపోయారు.

పట్నంలో అంతటి ఆట దొరికింది ఇసుకలో. మా పక్క స్థలంలో ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన అర ట్రాక్టరు ఇసుకను ఆ యజమాని మా అపార్టుమెంటు వెనక సందులో పోయించారు. తీసేద్దామన్న వాళ్లకు మేము నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి అడ్డం చెప్పాం. జల్లెడ పట్టి మేకులు, గాజుపెంకులు ఏరేశాం. చుట్టూ ఇటుకలు పేర్చాం. పిల్లులు మలినం చేయకుండా రాత్రి పట్టా కప్పాం. రెండేళ్లు ఉంది ఆ కుప్ప. కోట కట్టి చుట్టూ కందకం తవ్వేవారు. విజయనగరం పిల్లలకు కోట అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కొబ్బరి చిప్ప, పాత గరిటె, చిల్లుల డబ్బా, ఇవే సామాను. ప్లాస్టిక్ ఇసుక సెట్టు ఒకటి 350 రూపాయలకు కొన్నాను, ఎండకు పెళుసెక్కి మూడు నెలల్లో విరిగింది. తడి ఇసుకలో ఆడినన్నాళ్లూ వానాకాలంలో చేతులు కడిగించడం, గోళ్లు కత్తిరించడం మాత్రం తప్పలేదు.

సైకిలు దగ్గర పెద్ద తప్పు చేశాం. పెరుగుతుంది కదా అని పాపకు అయిదేళ్లకే 20 అంగుళాల చక్రాలది కొన్నాం. కాళ్లు నేలకు అందలేదు. రెండుసార్లు పడింది, మోకాలు చీరుకుపోయింది, ఏడాదిన్నర దాన్ని ముట్టుకోలేదు. తమ్ముడి విషయంలో జాగ్రత్తపడ్డాం. నాలుగున్నరేళ్లకు 16 అంగుళాలది, వాడినదే, 1,500కి తీసుకున్నాం. పక్క చక్రాలు అసలు బిగించలేదు. పెడళ్లు రెండూ విప్పేసి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించాం. విప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక మావారు గంటసేపు దాన్ని ఇంకా బిగించారు. వాడు కాళ్లతో నేలను తన్నుకుంటూ తొమ్మిది రోజులు తిరిగాడు. ఆరో రోజుకే కాళ్లు పైకెత్తి గేటు దాకా జారిపోతున్నాడు. పదో రోజు పెడళ్లు బిగిస్తే ఎవరూ పట్టుకోకుండానే తొక్కాడు. అయ్యకోనేరు గట్టు మీద తెల్లవారుజామున తిప్పేవాళ్లం, ఎనిమిది దాటితే వాహనాలు పెరుగుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం ఒప్పందం ఒక ఎత్తు. మా అపార్టుమెంటులోని అయిదు కుటుంబాలం కలిసి అయిదు నుంచి ఆరున్నర దాకా పిల్లలందరినీ కిందికి పంపాలని నిర్ణయించుకున్నాం. రోజుకొకరు కుర్చీ వేసుకుని కూర్చుంటాం, ఆ గంటన్నర గేటు మూసే ఉంటుంది. అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు, నాలుగేళ్ల వాళ్లకైతే రోజంతా కలిపి మూడు గంటలు. పాపకు అద్దాలు వచ్చినప్పుడు కళ్ల డాక్టరు కూడా ఆరుబయట వెలుగులో ఎక్కువసేపు గడిపితే దగ్గరిచూపు సమస్య తగ్గే అవకాశం ఉందని చెప్పారు. కానీ ఒంటరిగా ఏ పిల్లా గంటసేపు పరుగెత్తదు. తోడు ఉంటే ఆగమన్నా ఆగరు.

మొదటి వారం ఏం ఆడాలో వాళ్లకు తెలియలేదు, ఫోన్లు అడిగారు. కింది ఇంటి మామ్మగారు ఏడు పెంకులు పేర్చి చూపించారు. తొక్కుడు బిళ్లకు సుద్దముక్కతో గళ్లు నేను గీశాను. నాలుగేళ్ల వాణ్ని కూడా వదలకుండా ఆటలో అరటిపండుగా చేర్చుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు, మా పాపే మొదలుపెట్టింది. వాడు అవుటైనా అవుటు కాడు, అందరితో పరుగెత్తుతాడు. ఏడాది తిరిగేసరికి ఆ అరటిపండే బంతి సూటిగా విసిరి పెంకులు కూలుస్తున్నాడు. వాన పడితే మెట్ల మలుపులో అష్టాచెమ్మా, వామనగుంటలు. గుప్పెడు చింతపిక్కలు, నాలుగు గవ్వలు చాలు.

ఇబ్బందులూ వచ్చాయి. బంతి ఒకరి కారు అద్దానికి తగిలి మాటలు పడ్డాం. అప్పటినుంచి గట్టి బంతి మానేసి మెత్తటి రబ్బరు బంతి వాడుతున్నాం. మే నెలలో అయిదింటికి కూడా నేల సెగలు కక్కుతుంది, అప్పుడు అయిదున్నరకు దింపుతాం, సీసాతో నీళ్లు తప్పనిసరి. పార్కుకి వెళ్తే ఇనుప జారుడుబల్లను ముందు అరచేతి వెనకవైపుతో ముట్టుకుని చూస్తాను. క్షణం ఆనించలేకపోతే పిల్లల్ని ఎక్కనివ్వను, మా పాప తొడ వెనక ఒకసారి కాలి బొబ్బ లేచింది.

బాబు మోకాళ్లు ఇప్పుడు సైకిలు హ్యాండిలుకు తగులుతున్నాయి. అక్క 20 అంగుళాలది వాడికి, వాడి 16 అంగుళాలది కింది ఇంటి నాలుగేళ్ల పాపకి. గొలుసుకు నూనె పెట్టాను. పెడళ్లు విప్పేశాను. పానా కూడా సైకిలుతోపాటే ఇస్తాను, పది రోజుల్లో వాళ్లకు మళ్లీ కావాలి.