డీ5 పంపు: హైదరాబాద్ ఎండకి ఎంత వేగం చాలు?

కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరిచే ఏర్పాటులో (లూప్) నీళ్లను తిప్పేది డీ5 పంపు. నీళ్లు ఎంత జోరుగా తిరిగితే సీపీయూ అంత చల్లగా ఉంటుందని దీన్ని ఫుల్ స్పీడులో వదిలేసేవాళ్లే ఎక్కువ. మే నెలలో ఏసీ లేని గది 36, 38 డిగ్రీలకు చేరే మన ఊళ్లో అది అంత మంచి సెట్టింగ్ కాదు. ఈ 12 వోల్టుల పంపు 4800 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 23 వాట్లు లాగుతుంది. దీని మోటారును చల్లబరిచేది లోపల తిరిగే నీళ్లే, కాబట్టి ఆ వేడిలో చాలా భాగం కూలెంట్‌లోకే (ఆ తిరిగే ద్రవంలోకే) చేరుతుంది. దాన్ని కూడా రేడియేటరే బయటికి తోయాలి.

ఎంత నష్టమో లెక్క చూడండి. గది కన్నా కూలెంట్ 10 డిగ్రీలు ఎక్కువున్నప్పుడు 400 వాట్లు వదిలే రేడియేటర్లు మీకు ఉంటే, 23 వాట్ల పంపు కూలెంట్‌ను అర డిగ్రీకి పైగా పెంచుతుంది. వేగాన్ని 60 శాతానికి, అంటే 2900 దగ్గరికి తగ్గిస్తే ఫ్లో కూడా దాదాపు 60 శాతం అవుతుంది. కరెంటు ఖర్చు మాత్రం వేగం ఘనాన్ని బట్టి పడిపోతుంది: లెక్క ప్రకారం 5 వాట్లు, సర్క్యూట్ నష్టాలు కలిపితే కాస్త ఎక్కువ. ఆ ఈల లాంటి మోత కూడా తగ్గుతుంది. నా దృష్టిలో ఈ పంపు అసలు విలువ ఈ మధ్య వేగంలోనే ఉంది.

అలాగని మరీ తగ్గించకూడదు. నిమిషానికి 1 లీటరు నీరు ఒక్కో డిగ్రీ పెరుగుదలకు 70 వాట్లు మోస్తుంది. 400 వాట్ల లూప్‌లో 3.5 లీటర్లు తిరిగితే నీళ్లు ఒక చుట్టులో 1.6 డిగ్రీలు వేడెక్కుతాయి; 1.5 లీటర్లే తిరిగితే 3.8 డిగ్రీలు. పైగా చిప్ మీద కూర్చునే బ్లాక్‌లోని సన్నటి ఫిన్నుల (రేకుల) మధ్య నీటి వేగం పడిపోయి చిప్ వేడి ఇంకా పెరుగుతుంది. నిమిషానికి 3 నుంచి 4 లీటర్ల మధ్య ఆపండి. ఫ్లో మీటర్ లేకపోతే ఇలా చేయండి: ఫ్యాన్లు ఒకే వేగంలో పెట్టి, ఫుల్ లోడ్ మీద కూలెంట్ ఉష్ణోగ్రత స్థిరపడేదాకా ఆగి, పంపును 300 ఆర్‌పీఎం చొప్పున తగ్గిస్తూ కోర్ ఉష్ణోగ్రత రాసుకోండి. ఒక్క మెట్టు దిగితే 1 డిగ్రీ కన్నా పెరిగిందంటే వెనక్కి వెళ్లండి. ఏసీ ఆఫ్ చేసి ఉంటే గది ఉష్ణోగ్రతను కూడా పక్కన రాసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

పీడబ్ల్యూఎం రకమే (మదర్‌బోర్డు సిగ్నల్‌తో వేగం మారేది) కొనండి. పవర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తుంది. మదర్‌బోర్డుకు వెళ్లేవి సిగ్నల్, ఆర్‌పీఎం వైర్లు మాత్రమే. సిగ్నల్ అందకపోతే కొన్ని వెర్షన్లు 60 శాతంలో, కొన్ని ఫుల్‌లో తిరుగుతాయి, అందుకే బయోస్‌లో ఆర్‌పీఎం మారుతోందో లేదో ముందే చూసుకోండి. కర్వ్‌ను (ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చెప్పే సెట్టింగ్‌ను) సీపీయూ ఉష్ణోగ్రతకు కట్టొద్దు, బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ పంపు ఎగిరెగిరి పడుతుంది. 10కే (10 కిలో-ఓమ్) ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి కూలెంట్‌కు కట్టండి. పంపుకు 60 డిగ్రీలే పరిమితి. పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ ట్యూబులు కూడా అక్కడికి దగ్గర్లోనే మెత్తబడతాయి. కాబట్టి 50 దాటితే అలారం మోగాలి.

డీడీసీ అనే మరో రకం పంపు చిన్నది, ఒత్తిడి ఎక్కువ ఇస్తుంది. ఇరుకు కేసులో, బ్లాకులూ మలుపులూ ఎక్కువున్న లూప్‌కు అదే నయం. కానీ దాని అడుగు భాగానికి గాలి తగలాలి. ఎండాకాలంలో మూసుకుపోయిన కేసులో దాన్ని నేను సిఫారసు చేయను.

బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. అందులోని సున్నం బ్లాక్ ఫిన్నుల్లో పేరుకుని నెమ్మదిగా ఫ్లో చంపేస్తుంది, అప్పుడు తప్పు పంపు మీద పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పునూ నాచునూ ఆపే మందు కలిపి వాడండి. గ్లైకాల్ (యాంటీఫ్రీజ్) ఎక్కువైతే ద్రవం చిక్కబడి అదే ఫ్లోకి ఎక్కువ ఆర్‌పీఎం కావాలి.

బిగించాక పంపు ఒక్కదానికే పవర్ ఇచ్చి, రిజర్వాయర్ ఖాళీ కాకముందే ఆపుతూ నింపండి. బేరింగ్‌కు నీళ్లే కందెన, కొద్దిసేపు నీళ్లు లేకుండా తిరిగినా అరిగిపోతుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అడిగేటప్పుడు పంపు ఒక్కటేనా, టాప్ (పంపు మీద బిగించే, నీటి దారులున్న మూత) కూడా వస్తుందా అన్నది బిల్లు కొట్టించే ముందే తేల్చుకోండి. టాప్ లేకుండా దీన్ని లూప్‌లో బిగించలేరు.