ఈపో వెళ్తే గోడబొమ్మల దగ్గరే ఆగిపోకండి

మలేషియా ట్రిప్ అంటే మనవాళ్ళ లిస్టు దాదాపు ఒకటే. ట్విన్ టవర్స్, బతు కేవ్స్, గెంటింగ్, టైముంటే పెనాంగ్. కౌలాలంపూర్ నుంచి పెనాంగ్ వెళ్ళే దారిలోనే ఈపో ఉన్నా దిగేవాళ్ళు తక్కువ. కౌలాలంపూర్ (కేఎల్) నుంచి దూరం రెండు వందల కిలోమీటర్లు, ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. శని, ఆదివారాల్లో సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి రానుపోను టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసేసుకోండి.

రైలు దిగి బయటికి రాగానే వెనక్కి తిరిగి స్టేషన్‌ని ఒకసారి చూడాలి. తెల్లటి గుమ్మటాలు, పొడవాటి వరండా. 'ఈపో తాజ్‌మహల్' అంటారట. కేఎల్ పాత రైల్వే స్టేషన్ డిజైన్ చేసిన బ్రిటిష్ ఆర్కిటెక్ట్ హబ్బాకే దీన్నీ డిజైన్ చేశాడు, 1917లో పూర్తయింది. ఓ జిల్లా కేంద్రం లాంటి ఊరికి ఇంత స్టేషనా అనిపిస్తుంది. అదంతా తగరం డబ్బు. ఊరి చుట్టూ ఉన్న కింటా లోయలో మట్టి తవ్వి కడిగితే తగరం ఖనిజం దొరికేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ప్రపంచం వాడే తగరంలో సగం దాకా మలయా నుంచే వెళ్ళేది, అందులో ఈ లోయదే పెద్ద వాటా. 1985లో ధర ఒక్కసారిగా కుప్పకూలింది. గనులు మూతపడ్డాయి, కుర్రాళ్ళు ఊరు వదిలేశారు. కూలగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేకపోబట్టే పాత భవనాలు మిగిలాయని నాకనిపించింది. ఇప్పుడు ఊరికి తిండి పెడుతున్నవీ అవే.

కింటా నదికి ఒక పక్క ఓల్డ్ టౌన్, రెండో పక్క న్యూ టౌన్. మేం ఓల్డ్ టౌన్‌లో, పాత షాప్‌హౌస్‌ని (కింద అంగడి, పైన ఇల్లు) మార్చి కట్టిన చిన్న హోటల్లో దిగాం. కింద పూల డిజైన్ టైల్స్, నడుమ ఆకాశం కనిపించే చావడి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మాకిచ్చిన గదికి మాత్రం కిటికీ లేదు. సైట్లో పెట్టిన ఫోటో రోడ్డు వైపు గదిదట. లిఫ్టు లేదు, నిటారు చెక్క మెట్ల మీద సూట్‌కేసులు మోయాలి. బుక్ చేసే ముందు కిటికీ ఉందా, ఏ అంతస్తు అని మెసేజ్ పెట్టి అడగండి. అమ్మానాన్నలతో వెళ్తే న్యూ టౌన్‌లో లిఫ్టున్న మామూలు హోటలే హాయి, గ్రాబ్‌లో (మన ఓలా, ఊబర్ లాంటి క్యాబ్ యాప్) అయిదు పది నిమిషాల్లో ఇటు రావచ్చు.

అందరూ ముందు పరిగెత్తేది కాంక్యుబైన్ లేన్‌కి. వీకెండ్‌లో అక్కడ భుజాలు రాసుకుంటూ నడవాలి. ఫ్రిజ్ మాగ్నెట్లు, ఐస్‌క్రీం, చైనా బొమ్మలు, అంతే. పొద్దున్న షాపులు తెరవకముందు వెళ్తే సందు అందం తెలుస్తుంది. జకరేవిక్ అనే చిత్రకారుడి గోడబొమ్మలు 2014లో ఒక కాఫీ కంపెనీ వేయించినవి. కొన్ని బాగా వెలిసిపోయాయి. వాటికోసం ఎండలో మ్యాప్ పట్టుకుని తిరగడం కన్నా బర్చ్ గడియార స్తంభం దగ్గర పది నిమిషాలు నిలబడటం మేలు. ఈపో ఉన్న పెరాక్ రాష్ట్రానికి మొదటి బ్రిటిష్ రెసిడెంట్ (సుల్తాన్ దగ్గర సలహాదారుగా పెట్టిన తెల్ల అధికారి) బర్చ్‌ని 1875లో స్థానికులు చంపేశారు. 1909లో ఆయన పేరున తెల్లవాళ్ళు స్తంభం కట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక దాని ముందున్న రోడ్డుకి ఆ హత్య కేసులో ఉరి తీసిన దాతో సాగోర్ పేరు పెట్టారు! స్తంభాన్ని మాత్రం కూల్చలేదు.

ఓల్డ్ టౌన్‌లో ఒక్కటే చూడాలంటే హాన్ చిన్ పెట్ సూ చూడండి. 1893లో హక్కా అనే చైనీస్ వర్గానికి చెందిన గని యజమానులు పెట్టుకున్న క్లబ్బు, ఇప్పుడు మ్యూజియం. గైడే వెంట ఉండి చూపిస్తారు, ముందుగా బుక్ చేసుకోవాలి. నల్లమందు, జూదం, వ్యభిచారం, రహస్య ముఠాలు, ఏదీ దాచిపెట్టరు. యజమానుల వైభవంతో పాటు నడుం లోతు నీళ్ళలో చెక్క పళ్ళెంతో మట్టి కడిగి ఖనిజం ఏరిన ఆడవాళ్ళ గురించీ చెబుతారు. ఆ పనికీ లైసెన్సు కావాల్సి వచ్చేదట.

ఇక ఊరు దాటితే బటు గాజా దగ్గర టీటీ5 డ్రెడ్జ్, అంటే నీళ్ళలో తేలుతూ తగరం తవ్వే యంత్రం. మాకు ట్రిప్ మొత్తంలో నచ్చింది ఇదే. 1938 నాటిది, 4,500 టన్నుల ఇనుప ఫ్యాక్టరీ, నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. ముందున్న గొలుసు బకెట్లతో చెరువు అడుగు తవ్వుకుంటూ, లోపల మట్టి కడిగి తగరం పట్టుకుని, మిగిలిన ఇసుకని వెనక్కి పారబోస్తూ కదిలేది. అంటే తన చెరువుని తనే తవ్వుకుంటూ పోయేదన్నమాట. ఒక్కో బకెట్‌లో మనిషి ముడుచుకుని కూర్చోవచ్చు. అంచులు మట్టితో అరిగి నున్నగా అయిపోయాయి. 1982 దాకా పని చేసింది. లోపల ఇనుప మెట్లు, జాలీ నేల, ఉక్కపోత. కాబట్టి షూ వేసుకోండి, చంటిపిల్లలతో కష్టం. తిరుగు ప్రయాణానికి అక్కడ గ్రాబ్ దొరక్క ఎండలో చాలాసేపు నిలబడ్డాం. పూటకి కారు మాట్లాడుకుంటే అదే దారిలో కెల్లీస్ కాజిల్ కూడా అయిపోతుంది. అదొక స్కాటిష్ తోటల యజమాని పూర్తి చేయకుండానే పోయిన బంగళా. ఫోటోలకి బాగుంటుంది, గంట చాలు. దగ్గర్లోని మారియమ్మ గుడి పైకప్పు మీద దేవుళ్ళ మధ్య కెల్లీ దొర సూటు బొమ్మ వెతకడం పిల్లలకి సరదా.

తిండి సంగతి. వైట్ కాఫీ గింజల్ని మార్గరిన్‌తో వేయించి, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఇస్తారు. చిక్కగా, తియ్యగా ఉంటుంది. మన ఫిల్టర్ కాఫీకి అలవాటైన నోటికి మొదటి కప్పు నచ్చుతుంది, రెండోది మొహం మొత్తుతుంది. చాలా పాత కాఫీ హోటళ్ళు మధ్యాహ్నానికే కట్టేస్తారు. శాకాహారులు లిటిల్ ఇండియాకి వెళ్తే అరటాకు భోజనం దొరుకుతుంది. తమిళవాళ్ళ హోటళ్ళే ఎక్కువ, తెలుగు మాత్రం మాకు వినపడలేదు. మనవాళ్ళు తరాలుగా ఉంటున్నది ఇదే రాష్ట్రంలో బగాన్ దాతో కొబ్బరి తోటల వైపు, ఇక్కడికి దూరం. టోస్ట్ మీద రాసే కాయా అనే కొబ్బరి జామ్‌లో గుడ్డు ఉంటుంది, చూసుకోండి.

చివరి పూట మిగిలితే కెక్ లోక్ టోంగ్ గుహ గుడికి వెళ్ళండి. ప్రవేశం ఉచితం, లోపల చల్లగా ఉంటుంది, వెనక చెరువు చుట్టూ నడవడానికి దారి ఉంది. సాయంత్రం అయ్యేసరికి మూసేస్తారు కాబట్టి రైలు టైము చూసుకుని మధ్యాహ్నం లోపే ముగించుకోండి.