యార్క్‌టౌన్ ఓడ కిట్: కళ్లు మూసుకుని కొనొచ్చు

హనుమకొండ చౌరస్తా దగ్గరి బొమ్మల షాపులో ఆర్డరిచ్చి తెప్పించుకున్న 1:700 ప్లాస్టిక్ కిట్ ఇది, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా విమాన వాహక నౌక యార్క్‌టౌన్‌కి 700వ వంతు సైజు నమూనా. అతికిస్తే దాదాపు 35 సెంటీమీటర్ల ఓడ తయారవుతుంది.

ఈ ఓడంటే నాకు ప్రాణం. 1942 మే 8న కోరల్ సముద్రంలో జపాన్‌తో జరిగిన యుద్ధంలో ఒక బాంబు డెక్కు చీల్చుకుని లోపలికెళ్లి పేలింది. రిపేరుకు మూడు నెలలు పడుతుందన్నారు. పెర్ల్ హార్బర్‌లో డ్రై డాక్‌లోకి (నీళ్లు తోడేసి ఓడలు రిపేరు చేసే చోటు) చేర్చి, 1,400 మంది దాకా పనివాళ్లు రాత్రింబవళ్లు రేకులు వెల్డింగ్ చేసి, మే 30కల్లా మిడ్‌వే దీవి దగ్గరి యుద్ధానికి పంపేశారు. జూన్ 7న మునిగిపోయింది, నిజమే. అయినా అంత తక్కువ టైంలో దాన్ని మళ్లీ యుద్ధానికి నిలబెట్టడం మామూలు పని కాదు.

డెక్కు మీది చెక్క పలకల గీతలు గోటికి తగులుతాయి, అంత నీటుగా ఉన్నాయి. సన్న తుపాకుల్ని విడదీయడానికి మాత్రం మంచి కట్టర్ కావాలి. నీళ్లలో నానబెట్టే స్టిక్కర్లు నాసిరకం, రెండు చినిగాయి. మన ఎండలకు జిగురు ఇట్టే ఆరిపోతుంది, పొద్దున్నే కూర్చోండి. నా డబ్బాలో స్తంభం విరిగి వస్తే షాపాయన మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చారు. పెయింట్ విడిగా కొనుక్కోవాలి.