జరీ అంచుల దగ్గర తెలిసే గింప్ సత్తా

చేనేత చీరల ఫోటోలకు బ్యాక్‌గ్రౌండ్ తీసి, అమ్మకానికి పెట్టేలా సిద్ధం చేయడం నా పని. ఏళ్ల తరబడి ఆ పనంతా గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను. దాని 2.10 వెర్షన్‌తో మొదలుపెట్టి, 2025 మార్చిలో వచ్చిన 3.0కు మారాను. ఉచితంగా దొరుకుతుంది కాబట్టే వాడుతున్నానని చాలామంది అనుకుంటారు. డబ్బు పెట్టాల్సి వచ్చినా, మాస్కుల కోసం, అంటే ఫోటోలో ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పే ముసుగుల కోసం, నేను దీన్నే ఎంచుకుంటాను.

మడత పెట్టిన చీర, నగల పెట్టె, ఇత్తడి చెంబు లాంటి గట్టి అంచున్న వాటికి, చుక్కలు పెట్టి గీత గీసే పాత్ టూల్‌ను మించింది లేదు. వంపు ఎక్కడ తిరుగుతుందో అక్కడే చుక్క పెట్టాలి. చుక్కలు ఎక్కువైన కొద్దీ అంచు గతుకులు పడుతుంది. గీతను అంచు మీద కాకుండా ఒక్క పిక్సెల్ లోపలికి నడిపిస్తాను. అలా చేయకపోతే పాత గోడ రంగు సన్నని చారలా వెంట వస్తుంది.

ఆ గీతను ఎంపికగా మార్చాక, అనవసరమైన భాగం చెరపడానికి రబ్బరు జోలికి వెళ్లను. చెరిపిన భాగం పోయినట్టే. లేయర్ మాస్క్‌లో అయితే తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది, మధ్యలోని బూడిద రంగు సగం సగంగా కనిపించనిస్తుంది. ఆల్ట్ నొక్కి మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే తెర మీదకు వస్తుంది. ఫోటోలో కంటికి ఆనని మరకలు, చిల్లులు అక్కడ స్పష్టంగా బయటపడతాయి. ఈ ఒక్క అలవాటు ఉంటే చాలు, పనిలో నాణ్యత పెరుగుతుంది.

అసలు పరీక్ష కొంగు చివర కుచ్చుల దగ్గర ఎదురవుతుంది. పోగు పోగునా పాత్ గీయడం జరిగే పని కాదు. ఇక్కడ ఛానెళ్లే, అంటే ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను విడివిడిగా చూపే నలుపు తెలుపు బొమ్మలే దిక్కు. బంగారు జరీలో నీలం పాలు తక్కువ కాబట్టి, తెల్ల గోడ ముందు తీసిన ఫోటోలో నీలం ఛానెల్ చూస్తే జరీ పోగులు నల్లగా, గోడ తెల్లగా విడిపోయి కనిపిస్తాయి. ఎర్ర పట్టు పోగులైతే ఆకుపచ్చ ఛానెల్ కూడా చూడాలి. ఆ ఛానెల్‌కు నకలు తీసి, లెవెల్స్‌లో నలుపును మరింత నలుపుగా, తెలుపును మరింత తెలుపుగా లాగి, నలుపు తెలుపులను తిరగేస్తాను. అప్పుడు పోగులు తెల్లగా, గోడ నల్లగా మారతాయి. జరీ తళుక్కుమన్న చోట్ల లోపల మిగిలే నల్ల చుక్కలను తెల్ల బ్రష్‌తో పూడుస్తాను. పోగుల అంచుల మీద మాత్రం బ్రష్ పెట్టను. అక్కడ వెలుగు పెంచే డాడ్జ్ టూల్‌ను హైలైట్స్‌కు, అంటే వెలుగు భాగాలకు పెట్టి మెల్లగా రుద్దితే తెల్లని పోగు మరింత తెల్లబడుతుంది, పక్కనున్న నలుపు చెదరదు. తర్వాత ఛానెల్‌ను ఎంపికగా మార్చి మాస్క్ వేస్తే, గాలికి విడిపోయిన ఒంటి పోగు కూడా నిలుస్తుంది. మల్లెపూల జడ పక్కన చెదిరిన వెంట్రుకలకూ ఇదే దారి.

ఆర్గంజా లాంటి పల్చటి చీరల కొంగులో వెనకనున్న గోడ కనిపిస్తుంది. ఆ భాగాన్ని వేరే లేయర్ చేసి, కలర్ టు ఆల్ఫా అనే ఫిల్టర్‌లో గోడ రంగు ఇస్తే, బట్టలో కలిసిన ఆ రంగు తొలగి నేత పారదర్శకంగా మిగులుతుంది. 3.0లో ఈ ఫిల్టర్ లేయర్ మీద విడిగా ఉంటుంది కాబట్టి అంకెలను తర్వాతైనా సరిదిద్దుకోవచ్చు. ఈ మార్పు నాకు ఎంతో ఊరటనిచ్చింది.

లోటు లేదా అంటే ఉంది. ఫోటోషాప్‌లో 2018 నుంచి ఉన్న సెలెక్ట్ సబ్జెక్ట్ లాగా, ఒక్క నొక్కుతో మనిషిని పట్టుకునే పరికరం గింప్‌లో సొంతంగా లేదు. ముందున్న వస్తువును వెనకనున్న దాని నుంచి వేరుచేసే ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ ఉంది, జుట్టుకు అందులోని లెవిన్ పద్ధతి బాగుంటుంది. కానీ పెద్ద ఫోటో ఇస్తే చాలాసేపు ఆగాలి. రోజుకు వందల ఫోటోలు దాటించాల్సిన వారికి నేను దీన్ని సూచించను. ఒక్కో చీరను విడిగా చూసి, దాని నేతకు తగ్గట్టు పనిచేసేవారు మాత్రం ధైర్యంగా నేర్చుకోవచ్చు. పని ముగిశాక గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలును తప్పక దాచుకోండి. పాత్‌లు, మాస్కులు, ఛానెళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. అమ్మేవారికి పీఎన్‌జీ పంపండి, జేపెగ్‌లో పారదర్శకత నిలవదు.