సొంత ల్యాప్‌టాప్ ఉండగా మినీ పీసీ కొనాలా? కొంటే ఏది మేలు?

బెంగళూరులో మన తెలుగువాళ్ల అద్దె ఇళ్లలో టేబుల్ మీద కనిపించే సరంజామా దాదాపు ఒకటే. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్, వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలైనప్పుడు కొన్న మానిటర్, ఒక కీబోర్డు, మౌస్. ఆ మానిటర్ పక్కన అరచేతిలో పట్టేంత కంప్యూటర్, అంటే మినీ పీసీ, ఒకటి పెట్టుకోవాలన్న కోరిక ఈ మధ్య చాలామందికి పట్టుకుంది. మారతహళ్లిలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, మ్యాక్ మినీ తీసుకోనా, సెకండ్ హ్యాండ్‌లో లెనోవో చిన్న పెట్టె తీసుకోనా?" అన్నాడు. "నీ సొంత ల్యాప్‌టాప్ ఏమైందిరా?" అన్నాను. ఉందట. కాస్త స్లో అయిందట, అంతే.

సగం నిర్ణయం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ఆఫీసుది అయితే, సొంతది కొనుక్కోవడం అనవసర ఖర్చు కానే కాదు. రిజైన్ చేస్తే ఆఖరి రోజున ల్యాప్‌టాప్ అప్పగించి రావాలి. లేఆఫ్ అయితే అదే పూట లాగిన్ పోవచ్చు. ఫారం 16లు, పీఎఫ్ కాగితాలు, పిల్లల ఫొటోలు, చివరికి రెజ్యూమె కూడా ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే దాచుకున్నవాళ్లు నాకు చాలామందే తెలుసు. వాళ్లు ఈ నెలలోనే ఏదో ఒకటి కొనుక్కోవాలి. మానిటర్, కీబోర్డు ఎలాగూ ఉన్నాయి కాబట్టి వాళ్లకు మినీ పీసీ చక్కగా సరిపోతుంది.

మా బావమరిది సంగతి అది కాదు. వాడికి ముందున్న పోటీ మ్యాక్‌కీ లెనోవోకీ మధ్య కాదు, ఆ రెంటికీ ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కీ మధ్య. ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, దాన్ని తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగమైన స్టోరేజీ) వేయిస్తే వచ్చే తేడా కొత్త మెషిన్ కొన్నంత ఉంటుంది. ఇప్పటికే ఎస్ఎస్‌డీ ఉంటే ర్యామ్ చూడాలి. 8 జీబీ ఉంటే 16 చేయించొచ్చు. అయితే పల్చటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. మోడల్ నంబరు పెట్టి ముందే వెతుక్కోవాలి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకని రేటు కనుక్కోకుండా షాపుకు వెళ్లొద్దు. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్పిస్తే వేడెక్కి నెమ్మదించే జబ్బు చాలావరకు తగ్గుతుంది.

ల్యాప్‌టాప్‌కు ఇంకో బలం ఉంది. బెంగళూరులో కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లు ల్యాప్‌టాప్‌కు లెక్కే కాదు, బ్యాటరీ ఉంది. మినీ పీసీ ఆ క్షణంలోనే ఆరిపోతుంది. సేవ్ చేయని పేజీ పోతుంది, అప్‌డేట్ మధ్యలో ఉంటే ఇంకా ఇబ్బంది. వైఫై రౌటర్‌కు పెట్టుకునే 12 వోల్టుల చిన్న యూపీఎస్ దీనికి పనికిరాదు, ఈ పెట్టెలకు సాధారణంగా 19, 20 వోల్టుల అడాప్టర్లు ఉంటాయి. మామూలు యూపీఎస్ కొనాలి, దాని ఖర్చు కూడా కలుపుకోవాలి. సంక్రాంతికి ఊరికి వెళ్తే బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవచ్చు, మినీ పీసీకి అక్కడ మళ్లీ ఒక స్క్రీన్ వెతుక్కోవాలి.

ఇక ఆపిల్ వాళ్ల మ్యాక్ మినీ. 2024 నవంబరులో అమ్మకానికి వచ్చిన ఎం4 చిప్ మోడల్ నిజంగా మంచి వస్తువు. పొడవు, వెడల్పు 12.7 సెంటీమీటర్లు, ఎత్తు 5. చప్పుడు దాదాపు ఉండదు, ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు చాలా తక్కువ తాగుతుంది. విడుదలైనప్పుడు మన దేశంలో మొదటి ధర రూ. 59,900, అందులో 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ. స్టోరేజీ 512 కావాలంటే అప్పట్లో రూ. 79,900. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలే లేదు, కొన్న రోజు ఎంతో చివరిదాకా అంతే. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లకు ఆపిల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ తప్పనిసరి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది. వాళ్లకూ, రోజూ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకూ ఈ డబ్బు దండగ కాదు. బ్రౌజరు, బ్యాంకు పనులు, సినిమాలు అయితే అంత పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. నో కాస్ట్ ఈఎంఐ అని ధైర్యపడొద్దు, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ చాలా కార్డులకు పడుతూనే ఉంటాయి.

రాస్ప్‌బెర్రీ పై 5 అనే ఒంటి బోర్డు కంప్యూటర్ ఊసు కూడా వస్తుంటుంది. బోర్డు ఒక్కటే చూస్తే చవక. 27 వాట్ల అడాప్టర్, కూలర్, కేసు, స్టోరేజీ కలిపాక సెకండ్ హ్యాండ్ పెట్టె ధర దగ్గరికి వచ్చేస్తుంది. సెన్సర్లు, ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలంటే సరే, రోజువారీ పనికి వద్దు.

హోమ్ సర్వర్ (ఇంట్లోనే రోజంతా నడిచే కంప్యూటర్) పెట్టి ఫొటోలు దాచుకుంటా, సర్వర్‌లో ప్రోగ్రాములు నడిపే డాకర్ నేర్చుకుంటా అనేవాళ్లకు నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. కానీ ఆ పని ముందు పాత ల్యాప్‌టాప్ మీదే మొదలుపెట్టాలి. ఫొటోలు దాచే ఇమ్మిచ్, సినిమాలు చూపించే జెల్లీఫిన్ లాంటి ప్రోగ్రాములు అందులోనూ నడుస్తాయి. ఒక నెల తర్వాత కూడా వాడుతూ ఉంటే, రోజంతా ఆన్‌లో ఉండే పెట్టె అప్పుడు అవసరమే. సగటున 10 వాట్లు తీసుకునేది ఏడాదంతా నడిస్తే 88 యూనిట్ల లోపే కాలుతుంది, బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు.

కొనడానికి బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డు ఉంది. చాలా షాపులకు ఆదివారం సెలవు, శనివారం పొద్దున్నే కె.ఆర్. మార్కెట్ మెట్రోలో దిగి నడిచి వెళ్లడం నయం. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది కాబట్టి ఆరో, ఏడో జనరేషన్ ఇంటెల్ పెట్టెలు చవకగా చూపిస్తారు. విండోస్ 11 కావాలంటే ఎనిమిదో జనరేషన్ నుంచే చూడాలి. లైనక్స్ వేసుకునేవాళ్లకు ఈ పట్టింపు లేదు.

షాపులోనే మూత తీయించండి. లెనోవో టైనీ ఎం720క్యూ లాంటి వాటికి వెనక ఒక్క స్క్రూ తీసి మూత జరిపితే చాలు. ర్యామ్ స్లాట్లు రెండూ ఉన్నాయా, ఫ్యాన్ గరగరమంటోందా చూడండి. ఆన్ చేయించి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్లండి, ఆఫీసుల నుంచి వచ్చిన పెట్టెల్లో కొన్నిటికి పాత కంపెనీ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. పాస్‌వర్డ్ అడిగితే ఆ పెట్టె వదిలేయండి. అడాప్టర్ ఆ కంపెనీదేనా, వాట్లు సరిపోతాయా అన్నది దాని మీద చదవండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు తప్పకుండా తీసుకోండి.

మా బావమరిదికి మాత్రం ఎస్ఎస్‌డీ వేయించమనే చెప్పాను.